పెట్టెల మరుగున మనిషి

ఆఫీసులో అందరూ ఆమెను మరుగక్క అనేవారు. అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే, పిలిచింది తననేనని గ్రహించడానికి ఆమెకే కాస్త సమయం పట్టేది. కంప్యూటర్ తెర మీద గీసే దృశ్యాల్లో ఏ వస్తువు ఏ వస్తువు వెనక మరుగు పడుతుందో చప్పున తేల్చడం ఆమె పని. చదువైన నాటి నుంచి తల నెరిసేదాకా ఆ ఒక్క పనే చేసింది.

ఆ విద్యకు పునాది తండ్రి దగ్గరే పడింది. ఆయన నాటకాలకు తెరలు చిత్రించేవాడు. రాజమహలు కావాలన్నా, అడవి కావాలన్నా గోనెగుడ్డ మీద దించి ఇచ్చేవాడు. చిన్నప్పుడు ఒకసారి ఆమె మహలు లోపల ఏముందో చూద్దామని తెర వెనక్కి దూరింది. లోపల మహలు లేదు. కర్రలు, మేకులు, జిగురు మరకలు, ఎవరో విప్పి పారేసిన చెప్పులు. ఏడుపు మొహంతో వచ్చిన కూతుర్ని చూసి తండ్రి నవ్వాడు.

"పిచ్చిదానా, చూసేవాడు కూర్చునేది అటుపక్క. వాడి కంటికి ఆననిదానికి రంగు పూస్తే రంగూ దండగ, రెక్కల కష్టమూ దండగ."

ఆ మాట ఆమెకు మనసుకెక్కింది. పెద్దయ్యాక, ఆ మాటకే జీతమిచ్చే కంపెనీ దొరికింది.

కంపెనీ ఒక పాత గోడౌను పై అంతస్తులో ఉండేది. కింద అద్దాలు కోసే దుకాణం. పొద్దస్తమానం కీచుమంటూ మోత. రేవులో ఇనప పెట్టెలు ఎత్తి దించే క్రేన్ డ్రైవర్లకు శిక్షణ కోసం వీళ్లు బొమ్మ యార్డులు తయారుచేసేవారు. డ్రైవరు కుర్చీలో కూర్చుని మీటలు తిప్పితే ఎదుట తెర మీద యార్డు కదలాలి. యార్డంటే మాటలా? పెట్టెలే వేలకు వేలు, ఒకదాని మీద ఒకటి పేర్చి వీధుల్లా ఉంటాయి. వాటికి తోడు స్తంభాలు, తాళ్లు, లారీలు, మెట్లు, దీపాలు. అన్నిటినీ గీస్తూ పోతే యంత్రం ఆయాసపడి చిత్రం నత్తనడక నడుస్తుంది. డ్రైవరు చెయ్యి ఎప్పుడో కదిపితే తెర మీద కొక్కెం ఎప్పుడో కదిలిందంటే ఆ శిక్షణ ఎందుకూ కొరగాదు. అందుకని ముందు వరస వెనక దాగినవాటిని గీయకుండా వదిలేయాలి. కానీ ఏది దాగిందో తెలియాలంటే మళ్లీ అన్నిటినీ వెతకాలి. వెతకడానికే పుణ్యకాలం కాస్తా గడిచిపోతే ఒరిగేదేముంది? అందుకే ఆ వెతుకులాట కూడా మోటుగా, చకచకా సాగాలి.

ఆమె పద్ధతి ఇదీ. ముందుగా దృశ్యంలోని పెద్ద పెద్ద అడ్డుగోడల్ని మాత్రం తపాలాబిళ్లంత చిన్న బొమ్మగా గీయించేది. ఆ బొమ్మ గళ్లు గళ్లుగా ఉంటుంది. ఒక్కో గడిలో, అక్కడున్న అడ్డు ఎంత దూరంలో ఉందో చెప్పే ఒక్క అంకె. ఆ తరవాత మిగిలిన ప్రతి వస్తువుకూ ఊహలోనే ఒక అట్టపెట్టె తొడిగి, అది అడ్డుకు అవతల పడిందా, ఇవతల ఉందా అని గళ్లతో సరిచూసేది. అవతల పడితే వదిలెయ్, ఇవతలుంటే గీయి. రెప్పపాటులో లక్ష వస్తువుల సంగతి తేలిపోయేది. అప్పుడప్పుడు తప్పేది కూడా. కానీ దూరాన ఒక దీపస్తంభం క్షణంపాటు మాయమైనంత మాత్రాన ఎవరి కొంప మునుగుతుంది? 'దాదాపు సరి' అనేది వాళ్ల వృత్తిలో తిట్టు కాదు, మెప్పు.

ఒకసారి కొత్త బొమ్మ యార్డును పరీక్షించడానికి రేవు నుంచి ఒక క్రేన్ డ్రైవరు వచ్చాడు. పొడుగ్గా, మాటకు ముందు దగ్గే అలవాటున్న మనిషి. కాసేపు మీటలు తిప్పి, "అంతా బాగుందండీ, గాలి తప్ప" అన్నాడు.

"గాలి కనిపించదు కదండీ" అంది ఆమె.

"కనిపించదు గానీ ఊపుతుంది. పెట్టె ఊగకుండా దిగుతుంటే నాకు భయమేస్తోంది."

ఆ గాలి కుదిరేసరికి చాలా నెలలు పట్టింది. గాలిని పరీక్షించే వంకతో అతను ఆఫీసుకు ఎన్నిసార్లు వచ్చాడో కింద అద్దాల దుకాణం వాళ్లకు కూడా తెలుసు. గాలి కుదిరింది, పెళ్లీ కుదిరింది. అతనితోపాటు నోటికి అడ్డూ అదుపూ లేని అత్తగారు కూడా వచ్చింది. ముగ్గురూ రేవుకు దగ్గరలో రెండు గదుల ఇంట్లో కాపురం పెట్టారు. వంటింటి కిటికీలోంచి క్రేన్ల తలలు కనబడేవి. పొద్దున్నే టీ గిన్నె పొయ్యి మీద పెట్టి, "మీ ఆయన తల ఎక్కడుందో చూడు" అనేది అత్తగారు.

ఇలా కొన్నేళ్లు నడిచాక యార్డు వాళ్లకు కొత్త ఆలోచన వచ్చింది. డ్రైవర్లు అంత ఎత్తున గాజు గదుల్లో ఎందుకు కూర్చోవాలి? అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి తెరల మీంచే క్రేన్లు నడిపిస్తే పోలేదా? ఒక్కొక్కరు రెండు క్రేన్లు చూసుకోవచ్చు. కెమెరాలు పెట్టి చూశారు. పెట్టెల వరసలు అడ్డొచ్చి కావలసినవేవీ కనబడలేదు. అప్పుడు యార్డంతా స్తంభాలు పాతి, వాటి మీద స్కానర్లు బిగించారు. ఆ స్కానర్లు చుట్టూ ఉన్నవాటిని చుక్కలు చుక్కలుగా కొలిచి పంపుతాయి. ఆ చుక్కల్లోంచి అప్పటికప్పుడు యార్డును గీసి, డ్రైవరు ఎటువైపు నుంచి చూడాలనుకుంటే అటువైపు నుంచి చూపించే పని మరుగక్క కంపెనీకి దక్కింది. ఇన్నాళ్లూ బొమ్మ యార్డు. ఇప్పుడు నిజం యార్డు.

చిత్రం వెనకబడింది. ఎన్ని తంటాలు పడ్డా డ్రైవరు చేతికీ తెరకూ మధ్య ఎడం తగ్గలేదు. చివరికి మిగిలింది ఒక్కటే. గడిలో అంకె వేయడానికి ఒక జాగ్రత్త పద్ధతి ఉంది. ఆ గడిలోకి వచ్చేవాటిలో అన్నిటికన్నా దూరంగా ఉన్నదాని అంకె వేయాలి. అలా వేస్తే రెండు వరసల మధ్య సన్నటి సందున్నా ఆ సందు సందుగానే మిగులుతుంది. అందులో ఉన్నదేదీ పొరపాటున కూడా జారిపోదు. కాకపోతే అక్కర్లేనివి కూడా బోలెడు గీయాల్సి వస్తుంది. దూరపు అంకె బదులు సగటు వేస్తే చిత్రం లేడిపిల్లలా పరుగెత్తుతుంది. కానీ సందులు గోడలో కలిసిపోతాయి.

ఆమె ఆ సంగతి కంపెనీ యజమానికి చెప్పింది. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. వయసుకు చిన్నవాడే.

"సార్, సగటు వేస్తే సందుల్లో ఉన్నవి పోతాయి."

"సందుల్లో ఏముంటాయి?"

"మామూలుగా అయితే ఏమీ ఉండవు."

"క్రేన్లు తిరిగే చోట మనుషులుండరు. కంచె ఉంది, గేటు ఉంది. మరింకేంటి మీ బాధ? చూసేవాడికి తేడా తెలియకపోతే తేడా లేనట్టేనండీ."

చిన్నప్పుడు తెర పక్కన విన్న మాటకు ఇది కవలపిల్లలా ఉందనిపించింది ఆమెకు. ఎందుకో ఈసారి నవ్వు రాలేదు. అయినా సగటే వేసింది. చిత్రం పరుగెత్తింది. పెద్దాయన అందరికీ కేకు తెప్పించాడు.

ఎత్తున కూర్చునే డ్రైవర్లంతా కిందికి దిగొచ్చారు. గదికి కిటికీల్లేవు. తెరల మీద వెలుగు పడకూడదని గోడలకు నల్లరంగు వేశారు. యంత్రాలు వేడెక్కకూడదని చలి పెట్టారు. మండుటెండలో ఇంటి నుంచి బయల్దేరే భర్త స్వెట్టర్ చంకన పెట్టుకుని వెళ్లేవాడు. "కాళ్ల కింద ఊగేది లేదు. పాతాళంలో కూర్చుని ఆకాశంలో పని చేస్తున్నట్టుంది" అనేవాడు.

కొన్ని వారాలకు ఆ గదిలో ఒక గుసగుస మొదలైంది. ముందు ఎవరూ పైకి అనలేదు. తరవాత అందరూ అదే మాట. యార్డు చివరి వీధిలో, సముద్రం వైపు, రెండు వరసల నడుమ మనిషిలాంటిది ఒకటి కనబడి మాయమవుతోంది. చూసి, నిజమేనా అని మళ్లీ చూసేలోగా ఉండదు. ఒకసారి నిలబడి ఉంటుంది, ఒకసారి సగమే ఉంటుంది. మొదటిసారి చూసిన డ్రైవరు క్రేన్ ఆపేశాడు. యార్డు సేఫ్టీ ఆఫీసరు వెళ్లి చూసి, చీమ కూడా లేదని చెప్పాడు. రెండోసారీ అంతే. మూడోసారికి ఆపిన డ్రైవరుకు చీవాట్లు పడ్డాయి. ఆ తరవాత ఎవరూ ఆపలేదు.

మనిషి దేనికైనా అలవాటు పడతాడు. భయం పోయి వేళాకోళం వచ్చింది. "అదిగో దయ్యం వచ్చింది, భోజనాలకు లేవండి" అనడం మొదలుపెట్టారు. లేచి, దండెం మీద బట్టల్లా స్వెట్టర్లు కుర్చీలకు వేలాడేసి, క్యారేజీలు విప్పుకునేవారు.

ఒక సాయంత్రం భర్త ఇంట్లో ఈ సంగతి చెప్పాడు. నవ్వుతూనే మొదలుపెట్టాడు గానీ నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"ఇవాళ నాకూ కనిపించింది. మిగతావాళ్లకేమో గానీ, నాకెందుకో ఒళ్లు జలదరించింది. దాని చేతిలో ఏదో ఉంది."

అత్తగారు బట్టలు మడతపెడుతోంది. "రోజూ భోజనాల వేళకేనా?"

"దాదాపు."

"భోజనాల వేళకు వచ్చే దయ్యాన్ని నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. పట్టపగలు, మిట్టమధ్యాహ్నం దానికేం పనిరా? చేతిలో ఉన్నది క్యారేజీ కాదు కదా, సరిగ్గా చూడలేకపోయావా?"

భర్త పకపకా నవ్వాడు. మరుగక్క నవ్వలేదు. చేతిలోని గ్లాసు కింద పెట్టింది.

మర్నాడు భోజనాల వేళకు ఆమె ఆ నల్ల గదిలో భర్త కుర్చీ వెనక నిలబడింది. చివరి వీధి వైపున్న క్రేన్ మెల్లగా పక్కకు జరుగుతోంది. చూపు కాస్త జరిగినకొద్దీ సందులు గళ్ల గీతల మీదికి వచ్చి తెరుచుకుంటున్నాయి, గళ్ల లోపలికి పోయి మూసుకుంటున్నాయి. ఆ తెరుచుకునే లిప్తలో, ఆ చిట్టచివర, మనిషి. వంగి నడుస్తున్నాడు. అంతలోనే లేడు. మళ్లీ సగం భుజం. మళ్లీ గోడ.

ఆమెకు ఇంకేమీ లెక్కలు వేయనక్కర్లేకపోయింది. స్కానరు అతన్ని చూస్తూనే ఉంది. యంత్రానికి అతని చుక్కలు అందుతూనే ఉన్నాయి. అతన్ని తుడిచేస్తున్నది తన సగటు.

"అది దయ్యం కాదు" అంది భర్త చెవిలో. "మనిషి. ఉన్నవాడే. నా లెక్క వాణ్ణి వదిలేస్తోంది."

భర్త మీట మీంచి చెయ్యి తీసేశాడు.

సేఫ్టీ ఆఫీసరు దగ్గరకు వెళ్లింది. ఆయన ఓపిగ్గానే విన్నాడు. "అమ్మా, కంచె దాటి పురుగు కూడా రాదు. ఇంతకుముందే రెండుసార్లు చూసొచ్చాను కదా" అన్నాడు. ఆమె మాట కొట్టెయ్యలేక ఇంకోసారి వెళ్లాడు. క్రేన్లన్నీ ఆపించి, సైరన్ కొట్టించి, పదిమందిని వెంటేసుకుని వెళ్లాడు. అంత ఆర్భాటం చూసి, రాకూడని చోటికి వచ్చినవాడు అక్కడ కూర్చుని ఉంటాడా? ఎవరూ దొరకలేదు.

పెద్దాయన దగ్గరకు వెళ్లింది. "సార్, పాత పద్ధతికి మారుద్దాం. కనీసం మనిషిలాంటి ఆకారాన్ని ఎప్పటికీ వదలకూడదని నియమం పెడదాం."

"పెడదాం. ఎవరు కాదన్నారు? వచ్చేవారం బయటి రేవుల వాళ్లు చూడటానికి వస్తున్నారు. వాళ్లెదుట చిత్రం తడబడితే మన పరువేం కావాలి? వాళ్లను పంపించి, తీరిగ్గా కూర్చుందాం."

"ఈలోగా ఏమైనా జరిగితే?"

"మీరు మరీ చీకటి పక్కే చూస్తారండీ."

ఆమె ఇంకా గట్టిగా అడగవలసింది. తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకే నడిచింది. వారమే కదా అని సరిపెట్టుకుంది.

భర్త మాత్రం సరిపెట్టుకోలేదు. భోజనాల వేళకు చివరి వీధి దగ్గర క్రేన్ ఆపేసి చేతులు కట్టుకుని కూర్చునేవాడు. ఎందుకాపావంటే "మనిషున్నాడు" అనేవాడు. ఎక్కడంటే చూపించలేకపోయేవాడు. పని నడవడం లేదని అతన్ని యార్డు రెండో కొసకు మార్చేశారు. చివరి వీధి కొత్తగా చేరిన డ్రైవరు చేతికి వచ్చింది. భర్త వెళ్తూ వెళ్తూ అతనికి అంతా విడమరిచి చెప్పాడు. కొత్త డ్రైవరు శ్రద్ధగా తలూపాడు. అతను వెళ్లిపోయాక పక్కవాడి వైపు తిరిగి కన్ను కొట్టాడు.

ఆ తరవాత రెండు రోజులకు, "దయ్యం పోయిందక్కా" అన్నాడు ఆఫీసులో పక్క సీటతను. యార్డు గదిలో యంత్రాలు చూసుకునేది అతనే. "నిన్నా రాలేదు, ఇవాళా రాలేదు. మీ ఆయన భయపెట్టి పారిపోయేలా చేశాడని అనుకుంటున్నారు అందరూ."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మరుగక్క కుర్చీ పట్టుకుని నిలబడిపోయింది. కింద దుకాణంలో అద్దం కోస్తున్న కీచుధ్వని ఆమె పళ్లలోకి దిగుతోంది. రోజూ వచ్చేవాడు ఎందుకు రాలేదు? కనబడినన్నాళ్లూ భయపడింది. ఇప్పుడు కనబడటం లేదంటే, అంతకు పదింతల భయం వేసింది.

ఆమె మెట్లు దిగి, ఎదురొచ్చిన ఆటోలో ఎక్కి యార్డుకు వెళ్లింది. నల్ల గదిలో మూలనున్న పరీక్షల తెర ముందు కూర్చుంది. చివరి వీధిని తెర మీదికి తెప్పించుకుంది. మరుగు పరీక్ష మొత్తం ఆపేసింది. చిత్రం కుంటుతూ, ఆగుతూ వచ్చింది. వీధిలో ఏమీ లేదు. మొన్నటిదాకా తెరుచుకుని ఉన్న సందు ముందు ఇప్పుడు కొత్తగా దించిన పెట్టెల గుట్ట ఉంది. ఇది తన లెక్క తెచ్చిన గోడ కాదు. నిజం గోడే.

అప్పుడు ఆమెకు తోచింది. పెట్టెల్నే గీయడం మానేస్తే?

యార్డులోని పెట్టెలన్నిటినీ వదిలేయమని యంత్రానికి చెప్పింది. వేలకు వేల పెట్టెలు ఒక్కసారిగా మాయమయ్యాయి. మిగిలింది బోసి నేల. దాని మీద స్తంభాలు, తాళ్లు, అక్కడక్కడా లారీలు. సముద్రం వైపు, ఆ ఖాళీ నేల మధ్య, దేనికో ఆనుకున్నట్టు, మోకాళ్లు ముడుచుకుని, ఒక మనిషి కూర్చుని ఉన్నాడు.

చుక్కల మనిషి. ముఖం లేదు. తల ఒక పక్కకు వాలి ఉంది. ఆమె ఊపిరి బిగబట్టి చూసింది. కదల్లేదు. స్కానరు మళ్లీ తిరిగి వచ్చి కొత్త చుక్కలు పంపింది. కదల్లేదు.

"ఇటు రండి!" అని ఆమె అరిచిన అరుపుకు గదిలో అందరూ లేచారు. సేఫ్టీ ఆఫీసరు పరుగెత్తుకొచ్చి తెర చూశాడు. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. "పెట్టెల మధ్య... రెండు వైపులా మూసేశామా?" అన్నాడు. కొత్త డ్రైవరు వెనక్కి జరిగాడు. మొన్న మధ్యాహ్నం ఆ గుట్ట దించింది అతనే.

"క్రేన్ తిప్పండి, తియ్యండి" అన్నారెవరో.

"ఈ తెర మీంచి నేను తియ్యను" అన్నాడు మరుగక్క భర్త. రెండో కొస నుంచి ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. "సందులో మనిషిని పెట్టుకుని పెట్టె కాస్త ఊగిందంటే నలిగిపోతాడు. పై గది తాళమివ్వండి."

నెలల తరబడి మూతపడిన గాజు గది. నిచ్చెన మెట్లకు తుప్పు పట్టింది. అతను స్వెట్టర్ విప్పి పడేసి ఎక్కాడు. మరుగక్క కంచె దగ్గర నిలబడి పైకి చూస్తూ ఉంది. ఎండ కళ్లలో పొడుస్తోంది. పెళ్లైన ఇన్నేళ్లూ వంటింటి కిటికీలోంచి వెతికిన ఆ తల ఇప్పుడు గాజు వెనక చీకట్లో సరిగ్గా కనబడటం లేదు. కొక్కెం దిగింది. పెట్టెను పట్టింది. గాలి వీస్తోంది. అతను గాలి తగ్గేదాకా ఆగాడు. కింద ఎవరో "ఇంకా ఏంటాయన" అని విసుక్కున్నారు. గాలి తగ్గింది. పెట్టె వెంట్రుకవాసి కూడా పక్కకు ఊగకుండా నిటారుగా లేచింది. దాని తరవాత ఇంకొకటి. చివరిది లేస్తుండగా సందులోకి వెలుగు పడింది.

లోపల ఉన్నది గ్రీజు బాబాయి. పెట్టెల మూలల్లో ఉండే కొక్కేలకు గ్రీజు పూసే కాంట్రాక్టు మనిషి. అందరికీ తెలిసినవాడే. తాళ్లు భద్రపరిచే గది వెనక కంచె కాస్త వదులైతే, అందులోంచి దూరి, రోజూ మధ్యాహ్నం ఆ సందులో నడుం వాల్చేవాడట. యార్డు మొత్తంలో నీడ, సముద్రపు గాలి రెండూ ఉన్న చోటు అదొక్కటే. నిద్రలో ఉండగా పెట్టెలు దిగాయి. కాంట్రాక్టరు సాయంత్రం అందర్నీ ఒకేసారి గేటు దాటించేస్తాడు కనక ఒకడు తక్కువైన సంగతి ఎవరికీ పట్టలేదు. అప్పుడప్పుడు రెండేసి రోజులు పనిలోనే ఉండిపోవడం అలవాటు కనక, ఇంట్లోవాళ్లు ఓవర్‌టైం అనుకున్నారు. ఫోనేమో బయట అలమరలో ఉంది. యార్డులోకి ఫోను తీసుకెళ్లనివ్వరు.

ఇద్దరు మోసుకొస్తుంటే అతని చెయ్యి వేలాడుతోంది. వేళ్ల కణుపులు చితికి నల్లబడ్డాయి. మరుగక్క దగ్గరకు వెళ్లింది. పెదవులు కదులుతున్నాయి. బతికే ఉన్నాడు.

ఆస్పత్రిలో అతను కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. మొదట్లో ఎవరితోనూ మాట్లాడలేదట. గది తలుపు మూస్తే కేకలు పెట్టేవాడట. తలుపు తెరిచే ఉంచేవారు. మరుగక్క రెండుమూడుసార్లు వెళ్లి గుమ్మంలోంచే తిరిగొచ్చింది. చివరికి ఒకరోజు అతని భార్యే లోపలికి పిలిచి కుర్చీ వేసింది.

"మీరేనటగా అమ్మా నన్ను చూసింది" అన్నాడు.

ఆమె తలూపింది.

"గ్రీజు డబ్బాతో గోడలు బాదానమ్మా. యార్డంతా ఇనప మోతే కదా, ఎవరికి వినబడుతుంది? సాయంత్రం వాన పడింది. రేకుల మీంచి కారిన నీళ్లు నాకాను. ఆ వాన లేకపోతే పోయేవాణ్ణే. తల పైకెత్తితే స్తంభం మీద మీ యంత్రం తిన్నగా కనబడుతోందమ్మా. తిరుగుతోంది. ఎర్రదీపం వెలుగుతోంది. దానికి చెయ్యి ఊపుతూనే ఉన్నా. చూస్తున్నారు, వచ్చేస్తారు అనుకుంటూ ఊపుతూనే ఉన్నా. మర్నాటికి చెయ్యి లేవలేదు. అప్పటిదాకా నన్ను ఎవరూ చూళ్లేదామ్మా?"

"చూసింది బాబాయ్" అంది ఆమె. "యంత్రం చూసింది. మాకు చూపించకుండా చేసింది నేనే."

అతనికి ఆ మాట అర్థమైందో లేదో. భార్య మాత్రం ఆమె మొహంలోకి సూటిగా చూసింది. ఫ్లాస్కు మూత తిప్పుతూ, "టీ తాగుతారా" అంది.

బాబాయిని ఆస్పత్రిలో చేర్చిన వారంలోనే, బయటి రేవుల వాళ్లు అనుకున్న రోజుకే వచ్చారు. పెద్దాయన వాళ్లకు ఈ కథ చెప్పాడు. ఇనప గోడల వెనక మూసుకుపోయిన మనిషిని మా చిత్రం కనిపెట్టి ప్రాణాలు కాపాడిందని చెప్పాడు. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. వాళ్లు లేచి చప్పట్లు కొట్టారు. మరుగక్కను ముందుకు పిలిచి పూలగుత్తి ఇచ్చారు. ఆమె పూలగుత్తి కుర్చీలో పెట్టేసి బయటికి వెళ్లిపోయింది. ఆ రోజే మూడు రేవులు ఆ సాఫ్ట్‌వేర్ తీసుకోవడానికి ఒప్పుకున్నాయి. వాళ్లకు చూపించింది పరుగెత్తే చిత్రం. వాళ్లకు అందింది కూడా అదే.

సొంత యార్డులో ఆమె పట్టుబట్టి మార్పు చేయించింది. గళ్లలో దూరపు అంకె, మనిషి ఆకారం ఏదైనా సరే వదలకూడదన్న నియమం. చిత్రం నెమ్మదించింది. డ్రైవర్లు సణిగారు. కొత్త డ్రైవరు మాత్రం సణగలేదు. అతను ఇప్పుడు ఒక్కో పెట్టె దించే ముందు నాలుగు వైపుల నుంచి చూస్తున్నాడు. అతని వల్ల పని సగమే అవుతోందని అంటున్నారు. భర్త ఆ గది మానేసి, ఇంకో చిన్న రేవులో పాతకాలపు క్రేన్ మీదికి ఎక్కాడు. జీతం తక్కువ. అత్తగారు, "పోనీలేవే అమ్మాయ్, వాడి తల వాడి భుజాల మీద ఉంది, చాలు" అంది.

మిగతా మూడు చోట్ల సంగతేమిటని ఆమె పెద్దాయన్ని ఎన్నిసార్లు అడిగిందో. "పంపుతాం, పంపుతాం" అనేవాడు. ఆఖరికి ఆమే ఒక రేవుకు ఫోన్ చేసింది. అవతల మాట్లాడిన మనిషి చాలా మర్యాదగా ఉన్నాడు.

"మాకు బ్రహ్మాండంగా నడుస్తోందండీ. మార్చడమెందుకు?"

"సందుల్లో మనుషులుంటే కనబడరండీ."

"మా యార్డులో సందుల్లోకి మనుషులు రారండీ."

"మా దగ్గరా అలాగే అనుకున్నామండీ."

"మా దగ్గర కంచె ఉందండీ" అన్నాడతను.

ఆమె ఫోన్ పెట్టేసి, సెలవు కూడా అడగకుండా, మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది. ఆ రేవు చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. గేటు దగ్గర కాపలా మనిషి ఎవరు కావాలని అడిగాడు. చెప్పింది. అతను లోపలికి ఫోన్ చేసి, చాలాసేపు విని, "సార్ మీటింగులో ఉన్నారట, కూర్చోండి" అని బల్ల చూపించాడు. ఆమె కూర్చుంది. కంచె అవతల పెట్టెల వరసలు కంటిచూపు అందినంత మేర ఉన్నాయి. వాటి పైన క్రేన్లు మనిషి లేకుండా కదులుతున్నాయి. ఎక్కడో లోపల ఇనుము మీద ఇనుము మోగుతోంది. ఆగి, మళ్లీ మోగుతోంది.

"ఆ చప్పుడేంటండీ?" అని అడిగింది.

కాపలా మనిషి చెవి ఒగ్గి విన్నాడు. "ఎప్పుడూ ఉండేదే లెండి" అన్నాడు.

ఆమె లేచి నిలబడి, గేటు చువ్వలు పట్టుకుని, సార్ వచ్చేదాకా ఆగలేనని, సేఫ్టీ ఆఫీసరును పిలవమని గట్టిగా అరవడం మొదలుపెట్టింది.